ఇంటి లెక్కలు: నలుగురి అద్దె, ఒక ఫర్ము పేరు



చోడవరము దగ్గరి ఒక గ్రామము నుండి ఒక సహోదరి నాలుగు పేజీల ఉత్తరము వ్రాసారు. పేరు వేయవద్దని కోరారు గనుక వేయుట లేదు. అయితే ఇటువంటి చిక్కు ఆమె ఒక్కరిదే కాదు. రోడ్డు మీద రెండు గదులు కట్టి అద్దెకిచ్చిన ప్రతి కుటుంబములోను ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చి కూర్చుంటుంది. అందుచేత ఈ నెల పేజీ అంతా దీనికే ఇస్తున్నాను.

సంగతి ఇది. ఆమె తండ్రిగారు గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలి కూడబెట్టిన డబ్బుతో ఊరిలో నాలుగు గదులు కట్టించారు. పెద్ద గది ఒక బ్యాంకుకు నెలకు 36,000 రూపాయలకు ఇచ్చారు. మిగిలిన మూడు చిన్న షాపులు, ఒక్కొక్కటి 8,000. వెరసి నెలకు 60,000, ఏడాదికి 7,20,000. తండ్రిగారు వీలునామా వ్రాయకుండానే ప్రభువు నందు నిద్రించారు. తల్లి, ఇద్దరు అన్నలు, ఈమె మిగిలారు. పెద్దన్నయ్య ఎవరో తెలిసినవారి సలహా మీద స్టాంపు పేపరు కొని, తండ్రి పేరు కలిసివచ్చేలా ఒక పార్టనర్‌షిప్పు ఫర్ము వ్రాయించారు. అన్నలకు నూటికి 40 చొప్పున, అమ్మకు 10, చెల్లెలికి 10. క్రిస్మసుకు పుట్టింటికి వెళ్ళినప్పుడు ఈమె చదవకుండానే సంతకము పెట్టారు. ఫర్ము పేరున పాన్ కార్డు వచ్చింది, బ్యాంకు ఖాతా తెరిచారు, అద్దెలన్నీ అందులోనే పడుతున్నాయి. అన్నయ్య లెక్క తప్పకుండా ఎవరి శాతము వారికి ఇస్తున్నారు. ఇప్పుడు 2024-25 సంవత్సరానికి రిటర్ను ఎందుకు వేయలేదని ఫర్ముకు ఆదాయపు పన్ను శాఖ నుండి నోటీసు వచ్చింది. పన్ను పడితే అందరము పంచుకోవాలని అన్నయ్య అంటున్నారట.

ఆమె ప్రశ్నలు మూడు. పన్ను ఫర్ము కట్టాలా, మేము కట్టాలా? నాకు వచ్చేది పదో వంతే గదా, అది నా పేరున చూపాలా, మావారి జీతములో కలపాలా? ఇంతకీ ఆ స్థలము ఇప్పుడు మాదా, ఫర్ముదా?

మూడవ ప్రశ్నతోనే మొదలు పెట్టాలి. దానికి జవాబు తెలిస్తే మిగిలినవి వాటంతట అవే విడిపోతాయి.

తండ్రి వీలునామా లేకుండా పోతే క్రైస్తవ కుటుంబములో ఆస్తి ఎవరికి చేరాలో 1925 నాటి భారత వారసత్వ చట్టము చెప్పేసింది. భార్యకు మూడవ వంతు. మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానముగా. కొడుకు అనీ కూతురు అనీ అక్కడ తేడా లేదు. పెళ్ళిలో కట్నమిచ్చాము గదా అనే మాట మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. తండ్రి బ్రతికి ఉండగా బిడ్డకు ఇచ్చినదానిని వాటాలో తగ్గించకూడదని అదే చట్టము 49వ సెక్షను స్పష్టముగా చెప్తుంది. కాబట్టి ఈ నాలుగు గదులలో అమ్మకు మూడవ వంతు, ముగ్గురు బిడ్డలకు తలా తొమ్మిదింట రెండు వంతులు. ఇది ఎవరో కూర్చుని నిర్ణయించినది కాదు, తండ్రిగారు కన్ను మూసిన దినముననే ఏర్పడిపోయింది.

ఇంకొక మాట. చుట్టుపక్కల వారు 'హిందూ ఉమ్మడి కుటుంబము పేరున ఒక ఫైలు తెరవండి, పన్ను కలిసి వస్తుంది' అని సలహా చెప్తుంటారు. క్రైస్తవ వారసత్వములో ఆ ఏర్పాటు లేదు. ఆ దారి మనకు మూసి ఉన్నదని ముందే తెలుసుకుంటే ఆడిటరు ఫీజు ఒకటి మిగులుతుంది.

మరి స్టాంపు పేపరు మీద వ్రాసిన ఫర్ము సంగతి? 1932 నాటి భాగస్వామ్య చట్టము 6వ సెక్షనులో ఒక వివరణ ఉన్నది. ఒక ఆస్తిలో ఉమ్మడి హక్కు ఉన్న మనుష్యులు దాని మీద వచ్చే రాబడి పంచుకున్నంత మాత్రాన వారు భాగస్వాములు అయిపోరు. భాగస్వామ్యము కావాలంటే అందరూ కలిసి ఒక వ్యాపారము చేయాలి. తండ్రి కట్టిన గదుల అద్దె పంచుకోవడము వ్యాపారము కాదు. అంటే వీరికి ఫర్ము అవసరమే లేకపోయింది. నలుగురు సహ యజమానులు, అంతే.

అయితే కాగితము వ్రాసేసారు గదా. అందుచేత ఆ సహోదరి మొట్టమొదట చేయవలసిన పని ఆ డీడు జిరాక్సు తెప్పించుకుని చదువుకొనుట. అందులో ఒకే ఒక్క సంగతి వెదకండి: ఈ భవనమును భాగస్వాములు ఫర్ముకు పెట్టుబడిగా ఇచ్చినట్లు గాని, ఇది ఫర్ము ఆస్తి అని గాని ఎక్కడైనా వ్రాసి ఉన్నదా? లేకపోతే భవనము నలుగురిదే, ఫర్ము కేవలము అద్దె డబ్బు వేసుకునే డబ్బా. ఉంటే మాత్రము సంగతి బరువైనది.

ఎందుకు బరువైనదో చెప్తాను. 1966లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, అది మన ఆంధ్ర నుండే వెళ్ళిన కేసు. అద్దంకి వారు, భాస్కర వారు అని రెండు కుటుంబాలు కలిసి బియ్యపు మిల్లు, వేరుశెనగ కాయలు వలిచే వ్యాపారము చేసేవారు. ఆ ఫర్ముకు భూములు, భవనాలు కూడా ఉండేవి. ఒక పక్షము తన వాటా వదులుకుంటున్నట్లు రిజిస్టరు కాని కాగితము మీద వ్రాసి ఉన్నది. అది చెల్లదని తరువాత వాదించారు. భూమి మీద హక్కు రిజిస్ట్రేషను లేకుండా ఎలా పోతుందని వారి వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఆస్తి ఫర్ముది అయిన తరువాత భాగస్వామికి ఉండేది ఫలానా గోడ, ఫలానా గజము కాదనీ, లెక్కలన్నీ తేలాక వచ్చే డబ్బులో వాటా మాత్రమేననీ, అది చరాస్తి కిందకు వస్తుందనీ, దానికి రిజిస్ట్రేషను అక్కరలేదనీ చెప్పింది. ఆ తీర్పును కోర్టులు నేటికీ ఉదహరిస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు ఈ చెల్లెలి సంతకము సంగతి ఆలోచించండి. భవనము ఫర్ముదని ఆ కాగితములో ఉంటే, తండ్రి ఆస్తిలో తొమ్మిదింట రెండు వంతుల హక్కు కాస్తా లెక్కల పుస్తకములో నూటికి పది అయిపోయిందని రేపు ఎవరైనా వాదించవచ్చు. అన్నయ్య మంచివారే కావచ్చు. ఆయన తరువాత ఆయన పిల్లలు ఆ కాగితమును ఎలా చదువుతారో ఎవరు చెప్పగలరు?

ఇక పన్ను. ఆదాయపు పన్ను చట్టము 1961, 26వ సెక్షను: ఒక భవనము ఇద్దరు ముగ్గురిది అయి, ఎవరి వాటా ఎంతో స్పష్టముగా ఉంటే, అందరినీ ఒక గుంపుగా కట్టి పన్ను వేయకూడదు. ఎవరి వాటా అద్దె వారి ఆదాయములో కలపాలి. వారసత్వ చట్టము వాటాలు చెప్పేసింది గనుక స్పష్టత గురించి సందేహము లేదు.

లెక్క వేసి చూద్దాము. సంవత్సరపు అద్దె 7,20,000. ఇంటి పన్ను 18,000 కట్టారనుకుందాము. అది పంచాయతీకైనా మునిసిపాలిటీకైనా, యజమాని నిజముగా కట్టి రసీదు దగ్గర పెట్టుకున్నదే తీసివేయాలి, బాకీ ఉన్నది కాదు. మిగిలినది 7,02,000. ఇందులో నూటికి 30 చట్టమే తీసివేస్తుంది. మరమ్మతు చేయించినా, చేయించకపోయినా 30 శాతమే. వెనుకటికి మరమ్మతులకు ఇంత, అద్దె వసూలు ఖర్చుకు ఇంత అని విడివిడిగా ఉండేది. 2001 ఆర్థిక చట్టముతో అదంతా పోయి ఈ ఒక్క అంకె మిగిలింది. ఆ 2,10,600 తీసివేస్తే పన్నుకు వచ్చే ఆదాయము 4,91,400. అమ్మ వాటా 1,63,800. ముగ్గురు బిడ్డలకు తలా 1,09,200. వేరే పెద్ద ఆదాయము లేకపోతే వీరిలో ఒక్కరికీ పైసా పన్ను పడదు.

అదే 4,91,400 ఫర్ము ఆదాయమైతే? ఫర్ముకు ఇంతవరకు పన్ను లేదు అనే మొదటి మెట్టు లేదు. మొదటి రూపాయి నుండి నూటికి 30, దాని మీద 4 శాతము సెస్సు. 1,53,300 రూపాయల పై చిలుకు అవుతుంది. ఆలస్యపు రుసుము, వడ్డీ వేరు. అవే గదులు, అదే అద్దె, అదే నలుగురు మనుష్యులు. కాగితము మీద పేరు మారినందుకు లక్షన్నర.

ఫర్ము పెడితే పన్ను తగ్గుతుందని ఆ సలహా ఇచ్చినవారు ఎందుకు అన్నారు? వారిని పూర్తిగా తప్పు పట్టలేము. ఒకప్పుడు అది నిజమే. రిజిస్టరయిన ఫర్ము ఆదాయమును భాగస్వాములకు పంచి వారి వారి చేతులలో పన్ను వేసే రోజులవి, ఫర్ము మీద పడేది కొంచెమే. 1992 ఆర్థిక చట్టము దానిని తలక్రిందులు చేసింది. అప్పటి నుండి ఫర్మే ఒక మనిషిలాగ పూర్తి పన్ను కట్టాలి, భాగస్వామి చేతికి వచ్చిన లాభపు వాటాకు మళ్ళీ పన్ను లేదు. చట్టము మారి ముప్పై ఏళ్ళు దాటింది, సలహా మాత్రము దస్తావేజు లేఖరుల బల్లల దగ్గర ఇంకా పాతదే నడుస్తున్నది.

'అన్నయ్య తిరిగి అద్దెలు వసూలు చేస్తున్నారు, ఫర్ము నుండి ఆయనకు జీతము వ్రాసుకుంటే ఆదాయము తగ్గదా' అని కొందరు అడుగుతారు. వ్యాపార ఆదాయములో నుండి అయితే భాగస్వామి జీతము ఒక హద్దు వరకు తీసివేయవచ్చు. ఇంటి అద్దె ఆదాయములో నుండి తీసివేయుటకు లేదు. మాది అద్దెలిచ్చే వ్యాపారమే అని వాదించి చూసినవారున్నారు. ముంబయిలో రాజ్ దదార్కర్ అండ్ అసోసియేట్స్ అనే భాగస్వామ్య సంస్థ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ దగ్గర మార్కెట్టు స్థలము తీసుకుని, షాపులు కట్టి అద్దెకిచ్చింది. అది వ్యాపార ఆదాయమేనని సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. కాదు, ఇంటి ఆస్తి ఆదాయమేనని 2017 మే నెలలో కోర్టు తేల్చింది. కాగితములో వ్యాపారము అని వ్రాసుకున్నంత మాత్రాన చాలదన్నమాట. అన్నయ్య శ్రమకు నలుగురూ ఇష్టపూర్వకముగా నెలకు ఇంత ఇవ్వవచ్చు, ఇవ్వడము న్యాయము కూడా. అది ఆయన ఆదాయము అవుతుంది, ఇచ్చినవారికి వేరే తగ్గింపు రాదు. ఆ 30 శాతములోనే వసూలు ఖర్చు కూడా కలిసి ఉన్నది.

నేను ఫర్ములకు వ్యతిరేకిని కాను. కల్యాణ మండపము నడిపేవారు, లాడ్జి నడిపేవారు, ఇతరుల గోడౌను లీజుకు తీసుకుని సరుకు కాపలాతో సహా చూసుకునేవారు చేసేది నిజమైన వ్యాపారము. వారికి ఫర్ము తగినదే. అయితే దానిని రిజిస్ట్రారు ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. నమోదు కాని ఫర్ము తన ఒప్పందము మీద బాకీ రావాలని బయటివారి మీద కోర్టులో దావా వేయలేదు. అద్దె ఎగవేసి కూర్చున్న షాపు వాడు ఈ సంగతి మనకంటె ముందు తెలుసుకుంటాడు.

సహోదరి రెండవ ప్రశ్న. పదో వంతే వస్తున్నది గనుక పదో వంతే చూపాలా? కాదు. భవనము నలుగురిదే అయితే చట్టము వాటాను చూస్తుంది, చేతికి అందిన డబ్బును కాదు. ఇంటి పన్ను పోగా ఉన్న 7,02,000లో ఆమెకు న్యాయముగా చేరవలసినది 1,56,000. చేరుతున్నది 70,200. అమ్మ సంగతి ఇంకా ఎక్కువ. 2,34,000 రావలసిన చోట ఆమెకూ 70,200 మాత్రమే. అన్నలకు చెరొక 1,56,000 రావలసి ఉండగా 2,80,800 వెళ్తున్నది. ఈ అంకెలు కలహము పెట్టుటకు వ్రాయడము లేదు. అమ్మ, చెల్లెలు తెలిసి ప్రేమతో వదులుకుంటే అది వారి ఇష్టము. తెలియకుండా పోవడము వేరు. అన్నలకే ఈ లెక్క తెలియకపోయి ఉండవచ్చు కూడా. ఈ పత్రిక తీసుకెళ్ళి అన్నయ్య ముందు పెట్టమ్మా, నీ నోటితో చెప్పడము కష్టమైతే.

మీవారి జీతములో దీనిని కలపనక్కరలేదు. తండ్రి నుండి వచ్చిన ఆస్తి నీది, దాని ఆదాయము నీదే. భర్త తన డబ్బుతో భార్య పేరున కొనిపెట్టినప్పుడు మాత్రమే భర్త ఆదాయములో కలిపే నియమము. నీకు వేరే సంపాదన లేకపోతే 1,09,200కు రిటర్ను వేయవలసిన అవసరము కూడా రాదు. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తున్నారు. 2025-26 నుండి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు పన్ను లేదు అన్నమాట విని, రిటర్ను కూడా వద్దనుకుంటున్నారు. పన్ను లేకపోవడము వేరు, రిటర్ను వేయకపోవడము వేరు. 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. 12 లక్షల వరకు రాయితీ వచ్చేది ఆ రిటర్నులోనే. అన్నలలో ఎవరికైనా కొట్టు ఆదాయమో జీతమో ఉంటే ఈ వాటా దానికి కలిపి చూసుకోవలెను. చెరకు మీద వచ్చినది వ్యవసాయ ఆదాయము గనుక దాని లెక్క వేరు.

రిటర్నులో ఇంటి ఆస్తి పట్టికలో ఇది ఉమ్మడి ఆస్తియా అని అడుగుతారు. అవునని చెప్పి, మొత్తము అద్దె వ్రాసి, మీ వాటా శాతము, మిగిలిన ముగ్గురి పేర్లు, పాన్ నంబర్లు వ్రాయాలి. నలుగురి రిటర్నులలోను శాతాలు ఒకేలాగ ఉండవలెను. ఒకరు 40 అని, ఒకరు 22 అని వ్రాస్తే మరునాటి నోటీసు అక్కడి నుండే పుడుతుంది.

ఇక ఆ నోటీసు ఎలా వచ్చిందో చూడండి. బ్యాంకు ఇచ్చే అద్దె ఏడాదికి 4,32,000. ఆ సంవత్సరములో 2,40,000 దాటిన అద్దె మీద నూటికి 10 టి.డి.ఎస్. కోయాలి. ఫర్ము పాన్ ఒక్కటే ఉన్నది గనుక బ్యాంకు 43,200 కోసి ఫర్ము పేరున జమ చేసింది. ఆదాయము వచ్చినట్లు శాఖకు తెలిసింది, రిటర్ను కనబడలేదు. సహ యజమానుల వాటాలు స్పష్టముగా ఉంటే ఆ హద్దు ఒక్కొక్కరికి విడిగా లెక్క పెట్టవచ్చని 1995 లోనే ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులరు ఇచ్చింది. అలా చూస్తే బ్యాంకు అద్దెలో అమ్మ వాటా 1,44,000, బిడ్డలకు తలా 96,000. ఎవరిదీ 2,40,000 దాటదు. ఆ కోత అసలు పడేదే కాదు. 2025 ఏప్రిల్ నుండి హద్దు నెలకు 50,000 అయింది గనుక ఇప్పుడు 36,000 మీద కోత ఉండకూడదు. బ్యాంకు వారు ఇంకా కోస్తుంటే అడగండి.

నోటీసుకు జవాబు మాత్రము గడువు లోపల ఇవ్వాలి. ఏ సెక్షను క్రింద వచ్చింది, ఎన్నో తేదీ వరకు అని మొదట చూసి, తండ్రిగారి మరణ ధ్రువపత్రము, కుటుంబ సభ్యుల ధ్రువపత్రము, స్థలము దస్తావేజు, ఫర్ము డీడు, ఇంటి పన్ను రసీదులు, అద్దె ఒప్పందాలు, ఫర్ము ఖాతా స్టేట్‌మెంటు తీసుకుని ఆడిటరు దగ్గరకు నలుగురూ, లేదా కనీసము అన్నయ్య, చెల్లెలు కలిసి వెళ్ళండి. ఫర్ము అన్నది ఉన్నంత కాలము లాభమొచ్చినా రాకపోయినా ఏటేటా దాని పేరున రిటర్ను, ఐ.టి.ఆర్. 5, వేయాలి. కాబట్టి మౌనము పనికిరాదు. భవనము ఫర్ముది కాదని డీడు చూపిస్తే, అద్దె యజమానులదేనని కాగితాలతో చెప్పవచ్చు. కోసిన 43,200 యజమానుల పేర్లకు మార్చమని ఫర్ము తరఫున బ్యాంకుకు ప్రకటన ఇచ్చే వీలు నియమాలలో ఉన్నది. గడువు దాటిన రిఫండుకు ఆలస్యము మన్నించమని శాఖకు వేరే అర్జీ పెట్టుకోవాలి. ఆలస్యముగా వేసే అప్‌డేటెడ్ రిటర్ను అనేది ఒకటి ఉన్నది గాని అది పన్ను కట్టుటకే, రిఫండు అడుగుటకు కాదు.

2025లో పార్లమెంటు కొత్త ఆదాయపు పన్ను చట్టము చేసింది. అది 2026 ఏప్రిల్ 1 నుండి వచ్చే ఆదాయానికి. సెక్షను నంబర్లు మారాయి గాని, సహ యజమానుల సంగతి, 30 శాతము సంగతి మారలేదు. ఈ నోటీసు పాత సంవత్సరానిది గనుక పాత చట్టమే.

భవనము ఫర్ముకు ఇచ్చినట్లు డీడులో ఉంటే, దానిని వెనక్కి తీసుకొనుటలో కూడా మూలధన లాభము పన్ను ప్రశ్న వస్తుంది. అక్కడ మాత్రము నా పేజీ చాలదు. ఆడిటరును, వకీలును ఇద్దరినీ కలపండి, ఏ కాగితము మీదా కొత్తగా సంతకము పెట్టకముందే.

లేకపోతే పని తేలికే. నలుగురూ కలిసి ఫర్ము రద్దు పత్రము వ్రాసి, ఆఖరి రిటర్ను వేసి, ఫర్ము పాన్ అప్పగించి, ఖాతా మూయించండి. అద్దెలు వసూలు చేయుటకు అన్నయ్యకు నలుగురి పేరున అధికార పత్రము వ్రాయండి, అందులో వాటాలు మూడవ వంతు, తొమ్మిదింట రెండు అని అక్షరాలతో ఉండాలి. బ్యాంకుతోను, మూడు షాపుల వారితోను అద్దె ఒప్పందాలు నలుగురి పేర్లతో తిరగ వ్రాయించండి. బ్యాంకు జి.ఎస్.టి. నమోదు ఉన్న సంస్థ, మీరు నమోదు లేనివారు. 2024 అక్టోబరు 10 నుండి అటువంటి షాపు అద్దె మీద జి.ఎస్.టి. అద్దెకున్నవారే నేరుగా కట్టాలి. దానిని మీ 36,000లో నుండి తగ్గించుకొనుటకు ఒప్పుకోకండి. అమ్మ సంతకము పెట్టే ప్రతి కాగితము ముందు ఆమెకు తెలుగులో చదివి వినిపించండి.